కోరంగి మడ అడవిలో ఒక పూట

మా యింట ఒక బర్మా పెట్టె ఉన్నది. నల్లని లక్కపూత, దానిమీద ఎర్రని లతలు. మూత ఒక ప్రక్క విరిగిపోయినది. అది మా ముత్తాతగారు రంగూను నుంచి తెచ్చుకొన్న ఆస్తి. గోదావరి జిల్లాలవారు రంగూనును 'రంగం' అనేవారు. రంగం వెళ్ళి రేవులో బస్తాలు మోసి, 1930 మే నెలలో అక్కడ తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య అల్లర్లు చెలరేగినప్పుడు ప్రాణాలు దక్కించుకొని ఆయన తిరిగివచ్చారు. ఆయన ఓడ ఎక్కినది కాకినాడలో. కోరంగిలో ఆయన అడుగుపెట్టినట్టు మా యింట ఎవరూ చెప్పగా వినలేదు. అయినా బర్మాలో ఉన్నన్నాళ్ళూ ఆయనను అందరూ పిలిచినది 'కోరంగి' అనే. ఆయననే కాదు, ఆ దేశంలో తెలుగువాణ్ణి అనగానే కోరంగి అనేవారు.

ఒక ఊరి పేరు ఒక జాతికే పేరైపోయినదంటే ఆ ఊరు ఎంతటిదై ఉండాలి! చిన్ననాటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదలలేదు. తీరిక చిక్కక యిన్నేళ్ళు గడిచినవి. చివరకు మొన్న పుష్యమాసంలో నా భార్యనూ, తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయినీ వెంటబెట్టుకొని బయలుదేరాను. వారికి కావలసినది పడవ షికారు, పక్షులు. నాకు కావలసినది ఓడరేవు.

కాకినాడనుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద మొదట చొల్లంగి వస్తుంది. ఈ పేరు వినని గోదావరివాసి ఉండడు. పుష్య బహుళ అమావాస్యను మనం చొల్లంగి అమావాస్య అంటాము. ఆనాడు ఇక్కడ స్నానం చేసి, గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే ఏడు చోట్లా మునుగుతూ, మాఘశుద్ధ ఏకాదశినాటికి అంతర్వేది చేరుకోవటం సప్తసాగరయాత్ర. తుల్యభాగ సాగరసంగమం చొల్లంగి. ఆత్రేయ సంగమం కోరంగి. మన పెద్దలు విహారయాత్ర అనే మాటను ఎరుగరు గాని, నది ఎక్కడ ముగుస్తుందో కళ్ళారా చూచి రావటానికి వారు చేసిన ఏర్పాటు యిది. అటు పిమ్మట కోరంగి, తాళ్ళరేవు, ఆ తరువాత 1954 వరకూ ఫ్రెంచివారి అధీనంలో ఉన్న యానాం.

ఈ రోడ్డుకు తూర్పున, కాకినాడ అఖాతందాకా, గౌతమీ ముఖద్వారందాకా పరచుకొని ఉన్నది కోరంగి మడ అడవి. 1978లో ప్రభుత్వం దీనిని అభయారణ్యంగా ప్రకటించినది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అటవీశాఖవారు సందర్శకుల కోసం అడవిలోనికి ఒక చెక్కబాట వేశారు. బురద అంటకుండా చెట్ల నడుమ నుంచి నడిచి పోవచ్చును. చాలామంది ఆ బాట చివరిదాకా నడిచి, ఫోటోలు తీసుకొని వెనుదిరుగుతారు. అది తప్పని నేననను. కాని మడ అడవి నిలువుగా నడిచేవాడికి కనిపించేది కాదు. క్రిందికి వంగి చూచేవాడికి కనిపిస్తుంది.

మడచెట్టు చుట్టూ బురదలోనుంచి జానెడేసి పుల్లలు పైకి పొడుచుకొని వచ్చి ఉంటవి. అవి పుల్లలు కావు, ఆ చెట్టు వ్రేళ్ళే. ఆ బురదలో గాలి ఆడదు. అందుచేత వ్రేళ్ళు నేలను చీల్చుకొని పైకి వచ్చి ఊపిరి పీల్చుకొంటవి. మడ ఆకుమీద వ్రేలు రాచి నాలుకకు తాకించి చూడమని మా అమ్మాయితో అన్నాను. ముఖం చిట్లించినది, ఉప్పు! వ్రేళ్ళగుండా వచ్చిన ఉప్పులో కొంత ఆకులగుండా బయటకు నెట్టివేయటం ఆ చెట్టు నేర్చిన విద్య. ఉప్పుపొన్న తీరు మరొకటి. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి మొలకగా వ్రేలాడుతుంది. తల్లి చేతిలోనే పిల్లకు నడక వచ్చినట్టన్నమాట. సిద్ధమైన తరువాత క్రిందికి జారి, బురద ఉంటే అక్కడే నాటుకొంటుంది. నీరు ఉంటే తేలిపోయి మరొకచోట దిగుతుంది. తిల్లచెట్టు దగ్గర మాత్రం జాగ్రత్త. దాని పాలు కంట పడితే కన్ను పోయినంత పని అవుతుంది. చిదంబరానికి పూర్వనామమైన 'తిల్లై' ఈ చెట్టు పేరే.

పడవవాని సంగతి చెప్పాలి. క్షణాలు లెక్కపెట్టుకొని మాట్లాడవలసిన వృత్తి నాది. ఒక నిమిషం ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవలసిన వాణ్ణి. అటువంటి నేను ఆనాడు చెక్కబాట మీద కబుర్లు చెబుతూ, తెచ్చుకొన్న పులిహోర నింపాదిగా తిని, రేవుకు గంటన్నర ఆలస్యంగా చేరాను. అరవైయేళ్ళు దాటిన పడవవాడు నీటివంక చూచి, "పాటు మొదలైపోయిందండి. ఎల్తే ఎల్లొచ్చు గానండి, రావడం మన సేతుల్లో ఉండదండి," అన్నాడు. ఫరవాలేదన్నాను. పట్నవాసికి పోటు పాటులు పంచాంగంలోని మాటలు మాత్రమే.

ఏరు వెడల్పుగానే ఉన్నది. రెండు ప్రక్కలా మడ తోపులు. ఎండిన కొమ్మల మీద రెక్కలు ఆరబెట్టుకొంటూ నీటికాకులు, పైన గరుడపక్షులు, నీటికి ఆనుకొన్న కొమ్మ కొసన లకుముకి పిట్ట. దూరాన ఇసుకతిన్నె మీద ఒక విచిత్రమైన పక్షిని పడవవాడు చూపించాడు. దాని క్రింది ముక్కు పై ముక్కుకంటె పొడవు. నోరు తెరచి నీటిని కత్తెరతో కోసినట్టుగా ఎగురుతూ చేపను అందుకొంటుంది. ప్రపంచంలో ఈ పక్షులు కొద్ది వేలకు మించి మిగలలేదు. చలికాలంలో కాకినాడ తీరంలో కొన్ని విడిది చేస్తవి.

ఒక గంట తరువాత తిరుగుముఖం పట్టాము. మరికొంతసేపటికి పడవ అడుగు గరగర మన్నది. గడ వేసినా కదలలేదు. పడవవాడు గడ పడవలో పడవేసి, చుట్ట వెలిగించి, "ఇంక పోటొచ్చేదాకా యిక్కడేనండి," అన్నాడు. ఎంతసేపు? "మూడు గంటలు." మా ఆవిడ నావంక చూచిన చూపును యిక్కడ వర్ణించను.

కాని శ్రోతలారా, ఆనాడు మేము చూచినదంతా ఆ మూడు గంటలలోనే చూచాము.

నీరు తీసినకొద్దీ బురద లేచి కూర్చున్నది. దానిమీద వ్రేలెడు చేపలు రెక్కల మీద ప్రాకుతూ, గెంతుతూ, ఒకదానిమీదొకటి తగవులాడుతూ బయలుదేరినవి. చేప నేలమీద నడవటం మా అమ్మాయి పుస్తకంలో చదివినదే గాని, ఎదుట చూచి నోట మాట లేక నిలిచిపోయినది. చిన్న పీతలు వందలు. మగపీతకు ఒక డెక్క తన శరీరమంత ఉన్నది. దానిని ఎత్తి ఎత్తి ఆడపీతలను పిలుస్తుంది. వరుసగా అన్నీ ఎత్తుతూ ఉంటే ఒక భజనబృందం చూచినట్టు ఉన్నది. అవతలి ఒడ్డున బురద మీద పిల్లి అడుగుజాడలు కనిపించినవి. అది బావురుపిల్లి, నీటిలో దిగి చేపలు పట్టుకొని తినే పిల్లి. రాత్రించరి గనుక ఎవరికో గాని కంటబడదు. మాకు పాదాల గుర్తులే దక్కినవి. నీటికుక్కలను మాత్రం చూచాము. మూడు తలలు నీటిపైకి వచ్చి, మమ్మల్ని ఎగాదిగా చూచి, మునిగిపోయినవి.

అప్పుడు నేను నా పాత ప్రశ్న అడిగాను. ఓడరేవు ఎక్కడ? పాత డాకు ఎక్కడ? ఏమైనా గోడలు, మెట్లు, లంగరు రాళ్ళు మిగిలినవా?

పడవవాడు చుట్ట నోటినుంచి తీసి, దానితోనే పడవ అడుగు చూపించాడు. "మీరు సూడ్డానికొచ్చిన రేవు మీ కాళ్ళ కిందుందండి. మిమ్మల్ని ఆపిన బురదే ఓడల్నీ ఆపేసిందండి."

చరిత్ర గ్రంథాలు పెక్కు పుటలలో చెప్పే మాట అదే. పద్ధెనిమిదవ శతాబ్దంలోనూ పందొమ్మిదవ శతాబ్దం మొదటి సగంలోనూ కోరంగి తూర్పుతీరంలో పేరుమోసిన రేవు. ఇక్కడా తాళ్ళరేవులోనూ ఓడలు కట్టేవారు. ప్రక్కనే ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీవారికి వస్త్రవర్తక స్థానం ఉండేది. 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు కోరంగిలో ఒక డాకు కట్టించాడు. నీరు తోడివేసి ఓడ అడుగుభాగం మరమ్మతు చేయటానికి వీలైన డాకు అది. మన వడ్రంగులు కట్టిన ఓడలలో మన సరంగులు బర్మాకు పోయివచ్చేవారు. అలా వెళ్ళిన మొదటి తరాలవారివల్లనే అక్కడ 'కోరంగి' అనే పేరు నిలిచినది. రేవు పూడిపోయి, వర్తకం కాకినాడకు తరలిపోయిన తరువాత కూడ ఆ పేరు పోలేదు. మా ముత్తాతగారికి అంటుకొన్నది ఆ మిగిలిన పేరే.

పేరు బర్మాతో ఆగలేదు. 'కోరింగా పాకెట్' అనే ఓడ ఒకటి ఉండేది. 1843లో మారిషస్ చెరకుతోటలకు తెలుగు కూలీలను చేరవేసిన ఓడగా దానిని అక్కడి తెలుగువారు నేటికీ తలచుకొంటారు. అదే ఓడ 1845లో ఆస్ట్రేలియాకు తూర్పున పగడాల సముద్రంలో దిబ్బలకు తగిలి బద్దలైపోయినది. ఆ దిబ్బలకు 'కోరింగా' అనే పేరు పెట్టారు. 1982లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని సముద్ర పక్షులకూ తాబేళ్ళకూ రక్షితస్థానంగా ప్రకటించినప్పుడు ఆ పేరులోనూ కోరింగా చేరినది. తల్లి ఊరు అభయారణ్యమైన నాలుగేళ్ళకు, అక్కడెక్కడో ఆమె పేరు మోసిన దిబ్బలు కూడ అభయస్థానమైనవి. ఈ సంగతి చెప్పినప్పుడు పడవవాడు నమ్మలేదు. "మా కోరంగేనాండి?" అని రెండుసార్లు అడిగాడు.

ఇక తుపానుల మాట. 1789లో మూడు పెనుకెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి, మొదటిది ఓడలను ఊరిమీదికి ఎత్తివేయగా తక్కినవి ఊరిని ముంచివేసినవని, 20,000 మంది మరణించారని కథనం. 1839 నవంబరు తుపానులో 3 లక్షలమంది చనిపోయారనీ, 20,000 నౌకలు నాశనమైనవనీ పెక్కు పుస్తకాలలో కనిపిస్తుంది. ఆ రెండవ లెక్క నాకు నమ్మకం కలిగించలేదని ఒప్పుకొంటాను. చేపల నాటుపడవలను కలుపుకొన్నా యిరవైవేల నౌకలు ఈ యేటిలో నిలువవు. మూడు లక్షల జనం ఈ పల్లెలలో ఆనాడు పట్టరు. ఒక గ్రంథకర్త వ్రాసినదానిని మరొకరు ఎత్తి వ్రాయగా సంఖ్యలు స్థిరపడిపోయి ఉంటవి. లెక్క తప్పయినా దుఃఖం తప్పు కాదు. ఊరు కొట్టుకుపోయిన మాట నిజం.

కలకత్తాలో హెన్రీ పిడింగ్‌టన్ అనే ఆయన, ఒకనాటి నావికుడు, బంగాళాఖాతపు తుపానులలో చిక్కిన ఓడల దినచర్యలు సేకరించి పరిశీలించాడు. కోరంగి తుపానులు కూడ ఆయన పరిశీలనకు వచ్చినవే. గాలి పాముచుట్టలా తిరుగుతున్నదని గ్రహించి, గ్రీకుభాషలోని ఒక మాటనుంచి 'సైక్లోన్' అనే పదాన్ని కల్పించాడు. 1848లో అచ్చయిన ఆయన గ్రంథంతో ఆ పదం లోకమంతటా వ్యాపించినది. తుపాను హెచ్చరికలు చదవటం మా ఉద్యోగంలో ఒక భాగం. అర్ధరాత్రి స్టుడియోలో ఆ కాగితం చేతికి వచ్చినప్పుడల్లా, ఆ పదం పుట్టుకలో మన కోరంగి మృతులకూ భాగమున్నదని యికముందు తలచుకోకుండా ఉండలేను.

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను మీలో చాలామందికి జ్ఞాపకం ఉండి తీరుతుంది. అప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. కరెంటు పోయిన యింట బ్యాటరీ రేడియో చుట్టూ కూర్చున్నాము. వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో చేపలవేటకు సముద్రం మీదికి వెళ్ళినవారు ఎందరో. పడవవాడు తన అన్నదమ్ములిద్దరు ఆనాడు వేటలో ఉన్నారని చెప్పాడు. ఆ తరువాత చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు చెట్లవైపు చెయ్యి చూపి, "సముద్రం మీదున్నోళ్ళు పోయారండి. అడివెనకాల ఉన్నోళ్ళం మిగిలామండి," అన్నాడు.

ఆయన మాటకు శాస్త్రజ్ఞుల సాక్ష్యం కూడ ఉన్నది. 1999 ఒడిశా మహాతుపానులో మృతుల వివరాలను కేంద్రపడా జిల్లాలో కొన్ని వందల గ్రామాలకు సేకరించి, యిద్దరు పరిశోధకులు 2009లో ఒక వ్యాసం ప్రకటించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తక్కువగా ఉన్నవని వారు తేల్చారు. అయితే అడవికంటె ముందుగా అందిన హెచ్చరిక ఎక్కువమందిని కాపాడినదని కూడ వారే వ్రాశారు. మా వృత్తివారికి అది గర్వకారణమే గాని, హెచ్చరిక విని మనిషి పరుగెత్తగలడు, ఇల్లూ పొలమూ పరుగెత్తలేవు. వాటికి చెట్టే దిక్కు.

రేవును చంపిన ఒండ్రే అడవిని పుట్టించినది. గోదావరి తెచ్చిపోసిన మట్టి మీద మడ మొలిచి, మడ వ్రేళ్ళ నడుమ మరింత మట్టి నిలిచి, దానిమీద మరికొంత మడ మొలిచి అడవి ముందుకు సాగినది. ఆ ఒండ్రే కాకినాడ అఖాతానికి తూర్పున 16 కిలోమీటర్లకు పైగా సన్నని ఇసుకకట్టగా పెరిగినది. అదే హోప్ దీవి. రెండువందల యేళ్ళ పైచిలుకులో ఏర్పడిన నేల అది. అఖాతానికి అడ్డుగోడగా నిలిచి కాకినాడ రేవును కెరటాలనుంచి కాపాడుతున్నది. జనవరి మొదలు కొద్ది నెలలపాటు సముద్రతాబేళ్ళు ఆ దీవి ఇసుకలో గుడ్లు పెట్టి వెళతవి. ఆ రోజులలో అక్కడ దీపాలు వెలిగించటం, కేకలు వేయటం కూడదు. పిల్లలు వెలుతురును బట్టి సముద్రం దారి పోల్చుకొంటవి గనుక, మన దీపం చూచి వెనుకకు నడిచి చచ్చిపోతవి.

గోదావరి మీదా ఉపనదుల మీదా కట్టిన ఆనకట్టలవల్ల యిప్పుడు ఒండ్రు రావటం బాగా తగ్గినది. మడకు ఉప్పునీరు మాత్రమే చాలదు. వానకాలపు తీపినీరూ కావాలి, క్రొత్త మట్టీ కావాలి. ఆనకట్టలవల్ల పండిన అన్నమే తింటున్నవాణ్ణి, వాటిని నిందించటానికి నాకు నోరు రాదు. అయినా ఈ అడవికి తల్లిపాలు తగ్గినవన్న మాట చెప్పక తప్పదు. ఒకప్పుడు వంటచెరకుకూ కంచెలకూ నరికిన చోట్ల మరొక చిక్కు వచ్చినది. చెట్లు పోయిన నేల కుంగి పల్లమై, పోటునీరు అందులో నిలిచి ఎండి, ఉప్పు పేరుకొని మరేదీ మొలవలేదు. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీశాఖవారు, ఊళ్ళవారు కలిసి అటువంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వారు. నడుమ పెద్ద కాలువ, దానికి రెండు ప్రక్కలా పిల్లకాలువలు. పోటు వచ్చి పాటుతో వెళ్ళిపోవటానికి దారి ఏర్పడగానే ఉప్పు కడుక్కుపోయినది. నాటిన మొక్క బ్రతికినది. మా పడవవాడు కూడ ఆ కాలువలలో కూలిపని చేసినవాడే. తాను నాటిన తోపు ఒకటి దూరాన చూపించాడు. మిగిలిన అడవికీ దానికీ తేడా నాకు కనిపించలేదు. "తేడా ఉంటదండి. వరసగా ఉంటయ్యి," అన్నాడు.

చూడబోయేవారికి రెండు మాటలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అప్పుడు పరదేశపు పక్షులు దిగి ఉంటవి. తెల్లవారగానే చేరితే మేలు. పడవ వేళ ముందుగా కనుక్కోండి, నావలె భోజనానికి కూర్చోకండి. ఆహారపు పొట్లాల విషయంలో మా సంగతే చెబుతాను. మా ఆవిడ ఒక సంచి ప్రత్యేకంగా తెచ్చినది. అయినా మా అమ్మాయి చేతిలోనుంచి బిస్కత్తుల కాగితం ఒకటి గాలికి ఎగిరి ఊపిరివ్రేళ్ళ నడుమ చిక్కుకొన్నది. అంతకుముందే అక్కడ అటువంటివి నాలుగు ఉన్నవి. పడవవాడు మోకాలిలోతు బురదలో దిగి అయిదింటినీ ఏరి తెచ్చి సంచిలో వేశాడు. నేను సిగ్గుపడి దిగబోతే, "మీరు దిగితే మిమ్మల్ని కూడా ఏరాలండి," అన్నాడు.

సూర్యుడు తోపుల వెనుకకు జారిన వేళ బురదమీది పీతలు ఒక్కసారిగా కన్నాలలోకి దూరినవి. మాకేమీ కనిపించలేదు గాని వాటికి తెలిసినది. పది నిమిషాలకు పడవ అంచున సన్నని నురుగు కదలినది. తరువాత పడవ ఒక ప్రక్కకు ఒరిగి, మెల్లగా నిలబడి, తేలినది. రేవు చేరేటప్పటికి చీకటి పడినది. డబ్బులు లెక్కపెట్టుకొంటూ పడవవాడు మా అమ్మాయితో అన్నాడు: "రేపు పోటు యింకో ముప్పావుగంట ఆలీసంగా వత్తదమ్మా. మల్లీ వత్తే ఆ లెక్కన రండి."